పాత కారు కొనబోతున్నారా?

ఆదివారం ఆరాధనకు ఒక్క మోటారు సైకిలు మీద నలుగురు వెళ్ళే కుటుంబాలు మన పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. మాదీ అలాంటి కుటుంబమే. అమ్మకు మోకాళ్ళు అరిగాక ఆమె బండెక్కలేకపోయింది. నెలనెలా గుంటూరు ఆసుపత్రికి ఆటో మాట్లాడుకోవడం, వాన వస్తే దారిలో ఏదో ఒక చూరు కింద నిలబడడం మాకు మామూలైపోయింది. చివరకు 2025లో మినుముల డబ్బు చేతికి రాగానే, ఒక పాత కారు కొందామని ఇంటిల్లిపాదీ నిర్ణయించుకున్నాము.

చేతిలో ఉన్నది 3 లక్షలు. అందులో 60 వేలు పెద్దమ్మాయి కాలేజీ ఫీజుకు దాచినవి. పొరపాటు జరిగితే పోయేది మా సరదా కాదు, ఆ పిల్ల చదువు. అందుకే మేము నేర్చుకున్న నాలుగు సంగతులు మీతో పంచుకుంటున్నాము.

బయానా పోయింది, బుద్ధి వచ్చింది

తెలిసినవారి ద్వారా ఒక బ్రోకరు మాకు తెల్లటి కారు చూపించాడు. రంగు మిలమిల మెరుస్తోంది. సీట్లకు కొత్త కవర్లు. మీటరులో 42 వేల కిలోమీటర్లే. అలాంటి బండికి బయట 2 లక్షల పైమాటే చెబుతుంటే, అతను లక్షా 70 వేలకే ఇస్తానన్నాడు. “సాయంత్రానికి ఇంకో పార్టీ వస్తున్నారు సార్, ఆ తరువాత మీ ఇష్టం” అన్నాడు. ఆ ఒక్క మాటకు తొందరపడి 5 వేలు బయానా ఇచ్చాము.

మరునాడు మా ఊరి మెకానిక్కును వెంటబెట్టుకుని వెళ్ళాము. అతను ఇంజను జోలికే పోలేదు. ముందు సీటు బెల్టును చివరంటా బయటకు లాగాడు. “చూడు బాబాయ్, ఇక్కడిదాకా బురద మరక” అన్నాడు. డిక్కీలో స్టెప్నీ తీసి, ఆ గుంటలో వేలు పెడితే సన్నటి ఒండ్రు తగిలింది. సీట్ల కింది పట్టాలు తుప్పు పట్టి ఉన్నాయి. అప్పుడుగాని లోపల ఉన్న తడి గోనెసంచి వాసన మా ముక్కుకు తగల్లేదు!

అది వరదలో మునిగిన బండి. 2020 అక్టోబరులో హైదరాబాదులోనూ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలోనూ ఎన్నో కార్లు నీళ్ళలో ఉండిపోయిన సంగతి మనకు తెలుసు. వైర్లలోకి నీరు దిగితే లోపం వెంటనే కనపడదు. నెలలు గడిచాక నడిరోడ్డు మీద బండి ఆగిపోతుంది. బయానా తిరిగి రాలేదు. మెకానిక్కును మొదటిరోజే తీసుకువెళ్ళి ఉంటే, అతనికిచ్చే కొద్దిపాటి కూలితోనే సరిపోయేది.

డబ్బంతా కారుకే పెట్టవద్దు

మన దగ్గర 2 లక్షల 40 వేలు ఉన్నాయంటే 2 లక్షల లోపు కారే చూడాలి. మిగిలిన 40 వేలు ఎందుకంటే, పాత బండి ఇంటికి రాగానే టైర్లు, బ్యాటరీ, ఆయిలు, ఇన్సూరెన్సు, పేరు మార్పిడి అంటూ ఖర్చులు వరుసగా వస్తాయి. అప్పు చేసి కొనేవారు ఇంకొకటి గమనించాలి. పాత కారు అప్పుకు సాధారణంగా కొత్త కారు అప్పు కంటే వడ్డీ ఎక్కువ.

ఏ కారు కొనాలి? దగ్గరి పట్నంలో సామాను దొరికే కారు, మీ మెకానిక్కు చేయి తిరిగిన కారు కొనండి. 1983లో వచ్చిన మారుతి 800 అంతకాలం నిలబడడానికి ఒక కారణం ఇదే. ఏ షెడ్డులోనైనా దాన్ని బాగుచేసేవారు. దాని తయారీ 2014లో ఆగిపోయింది. ఆల్టో, వ్యాగన్‌ఆర్ వంటి బండ్లకు నేడు అలాంటి సౌకర్యం ఉంది. వారానికి రెండు మూడుసార్లు తిరిగే కుటుంబానికి పెట్రోలు బండి చాలు. డీజిలు ఇంజను రిపేరుకొస్తే ఖర్చు భారీగా ఉంటుంది.

కళ్ళతో, చెవులతో, ముక్కుతో

బండిని పగటి వెలుగులోనే చూడండి. మీరు వచ్చేదాకా స్టార్టు చేయవద్దని ముందే చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చేయి వేయండి. వేడిగా ఉంటే, చల్లటి ఇంజను సులభంగా స్టార్టు కాదేమోనని అనుమానించాలి. పొగ నీలంగా వస్తే ఇంజను ఆయిలు కాలుతోందని అర్థం. తెల్లపొగ ఎంతకీ ఆగకపోతే రేడియేటరు నీళ్ళు ఇంజనులోకి చేరుతూ ఉండవచ్చు. ఆయిలు పోసే మూత విప్పి చూడండి. లోపల మజ్జిగ నురగలా ఉంటే జాగ్రత్త పడాలి.

టైరు ఒక అంచునే అరిగి ఉంటే చక్రాల అమరికలోనో, సస్పెన్షనులోనో తేడా ఉంది. టైరు పక్కన నాలుగంకెలు అచ్చువేసి ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం. తలుపుల సందులు రెండు వైపులా సమానంగా ఉన్నాయా, బానెట్ బోల్టుల మీద స్పానరు గాట్లు ఉన్నాయా చూడండి. ఉంటే ఎందుకు విప్పారో అడగాలి. మీటరు తిప్పేవారూ ఉంటారు. మీటరులో 40 వేలుండి, బ్రేకు పెడలు రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే ఆ లెక్క నమ్మరాదు. సర్వీసు బిల్లులు అడగండి. చివరగా, మన ఊరి గతుకుల రోడ్డు మీద ఒక అరగంట నడిపి చూడండి.

కాగితాలే అసలు బండి

ఆర్సీలోని ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీది నంబర్లతో సరిపోవాలి. ఆర్సీలో ఫైనాన్సు పేరు ఉంటే, వారిచ్చే నిరభ్యంతర పత్రం, ఫారం 35 చేతికి రానిదే డబ్బు ఇవ్వకండి. పేరు మార్పిడికి 29, 30 ఫారాలు కావాలి. వేరే రాష్ట్రపు బండి అయితే అక్కడి రవాణా శాఖ నిరభ్యంతర పత్రం తేవాలి, ఇక్కడ లైఫ్ టాక్సు కట్టాలి. ఆ ఖర్చు కలుపుకుంటే చవక బేరం చవక కాకపోవచ్చు. కారు రిజిస్ట్రేషను 15 ఏళ్ళకే. ఆ తరువాత తనిఖీ చేయించి 5 ఏళ్ళకొకసారి పొడిగించుకోవాలి. చలానాల బాకీ ఉందేమో చూడండి. ఇన్సూరెన్సు మీ పేరుకు మార్చమని 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు చేయాలి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ మీకు రాదని గుర్తుంచుకోండి.

పేరు మార్పిడి విషయం ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ళ క్రితం మా పాత మోటారు సైకిలును తెలిసిన కుర్రవాడికి నమ్మకం మీద అమ్మాము. “రేపు మార్పించుకుంటాను పెదనాన్నా” అన్నాడు. ఆ రేపు రాలేదు. అతను ఇంకొకరికి అమ్మాడు. ఆ మూడోవ్యక్తి ఒక ముసలాయనను గుద్దితే, స్టేషను నుండి పిలుపు మాకు వచ్చింది. ఇన్సూరెన్సు కూడా లేదు. దేవుని దయవల్ల ఆయన కోలుకున్నాడు గాని, మేము నెలల తరబడి తిరిగాము. రిజిస్ట్రేషను ఎవరి పేరున ఉంటే నష్టపరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కనుక అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. వెంటనే పేరు మార్పించుకోవడం మన క్షేమానికే కాదు, మనకు అమ్మినవారికి మనం చేయవలసిన న్యాయం కూడా.

మాకు దొరికిన బండి

తరువాత తెనాలి వైపు ఒక రిటైరైన పంతులుగారి దగ్గర 2013 మోడలు పెట్రోలు కారు చూశాము. మేము అడగకముందే ఆయన, “ఏసీ సరిగా చల్లబడదు నాయనా, కుడివైపు తలుపు ఒకసారి దెబ్బతింటే రంగు వేయించాను” అని చెప్పారు. బిల్లులన్నీ ఒక సంచిలో దాచి ఉంచారు. మా మెకానిక్కు గంటసేపు చూసి తల ఊపాడు. లక్షా 95 వేలకు కొన్నాము. ఏసీకి 6 వేలు అయింది. పేరు మారేదాకా ఆయనా మమ్మల్ని వదలలేదు, మేమూ ఆయనను వదలలేదు. అమ్మాయి ఫీజు డబ్బు అలాగే ఉంది.

మొన్న వానలో అమ్మ ముందుసీట్లో కూర్చుని, చీర తడవకుండా ఆరాధనకు వచ్చింది. ఏదో ఒకరోజు ఈ కారు మేమూ అమ్మవలసి వస్తుంది. ఆరోజు దీని లోపాలు ముందుగా మేమే చెప్పాలని, పంతులుగారిలా బిల్లులన్నీ ఒక సంచిలో దాస్తున్నాము.