వాల్వు ఆపరేషన్ తర్వాత గుండె లయ తప్పితే...

గుండె వాల్వు మార్చిన వంద మందిలో దాదాపు 40 మందికి ఆపరేషన్ తర్వాత ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వస్తుంది. ఎక్కువగా రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య మొదలవుతుంది. గుండె పైగదులు నిమిషానికి 350 సార్లకు పైగా అదురుతాయి. కిందిగదులు వాటిలో కొన్నింటినే అందుకుని 110 నుంచి 170 సార్లు కొట్టుకుంటాయి. బీపీ పడిపోతే వెంటనే కరెంటు షాకిచ్చి లయ సరిచేస్తారు.

94, 98

బీపీ నిలకడగా ఉన్నవారికి దారులు రెండు: మెటోప్రొలాల్ వంటి మందుతో వేగం తగ్గించడం, అమియోడరోన్‌తో లయనే దారికి తేవడం. అమెరికా, కెనడాల్లో గుండె ఆపరేషన్ తర్వాత లయ తప్పిన 523 మందిపై ఈ రెండింటినీ పోల్చిన అధ్యయనం 2016లో వెలువడింది. ఆసుపత్రిలో గడిపిన రోజులు రెండు దారులవారికీ ఇంచుమించు ఒకటే. 60వ రోజు నాటికి, అంతకుముందు నెలంతా లయ తప్పనివారు మొదటి దారిలో 94 శాతం, రెండో దారిలో 98 శాతం. అంటే ఏ దారిలో వెళ్లినా ఎక్కువమందికి రెండు నెలల్లో కుదుటపడుతుంది. అసలు భయం ఈలోగా గుండెలో గడ్డకట్టే రక్తం మెదడుకు చేరుతుందనే.

2.5 నుంచి 3.5

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర వార్ఫరిన్. అది ఎంత పనిచేస్తోందో ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష చెబుతుంది. మైట్రల్ స్థానంలో లోహపు వాల్వు ఉంటే ఐఎన్ఆర్ సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. అయోర్టిక్ అయితే చాలామందికి 2 నుంచి 3. అమియోడరోన్ తోడైతే వార్ఫరిన్ ప్రభావం పెరుగుతుంది. వార్ఫరిన్ మోతాదు మూడో వంతు నుంచి సగం దాకా తగ్గించాల్సి రావచ్చు. అమియోడరోన్ ఆపినా దాని ప్రభావం వారాలు, నెలలు ఉంటుంది కాబట్టి అప్పుడూ పరీక్షలు తప్పవు. గడ్డకట్టకుండా చూసే, ఐఎన్ఆర్ పరీక్ష అక్కర్లేని కొత్త మాత్రలు లోహపు వాల్వుకు పనికిరావు. వాటిలో ఒకటైన డబిగట్రాన్‌తో చేసిన ప్రయోగంలో గడ్డలు, రక్తస్రావం రెండూ పెరిగాయని 2013లోనే తేలింది.

ఇంటికొచ్చాక

2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదలకూ పెద్దాసుపత్రిలో గుండె ఆపరేషన్ అందింది. కానీ చిల్లకల్లు వంటి ఊళ్లోని మనిషి ఆపరేషన్‌కు హైవే ఎక్కి విజయవాడో హైదరాబాదో వెళ్లినా, లోహపు వాల్వు అయితే ఆ తర్వాతి ఐఎన్ఆర్ పరీక్షలు జీవితాంతం సాగాలి. జగ్గయ్యపేటలోనో నందిగామలోనో ఆ పరీక్ష ఎక్కడ చేస్తారో డిశ్చార్జికి ముందే కనుక్కోవాలి. వార్ఫరిన్ వాడుతున్నా గోంగూర, తోటకూర మానక్కర్లేదు. వారం వారం ఒకే పాళంలో తినాలి. మూతి వంకర పోయినా, మాట తడబడినా గడ్డ మెదడుకు చేరిందేమోనని 108కి ఫోన్ చేయాలి. లోహపు వాల్వు ఉన్నవారు లయ కుదిరిందని వార్ఫరిన్ ఆపకూడదు. ఆ మాత్ర వాల్వు ఉన్నన్నాళ్లూ వేసుకోవాల్సిందే.