పన్ను తీసిన పిదప: లేసరు వెలుగు, ఎముక మానుట

ఇంటిలో నెవ్వరికి పన్ను నొచ్చినను లవంగము వెదకి తెచ్చి యిచ్చువారము మనమే. మన పన్ను నొచ్చినపుడు మాత్రము పండుగ వెళ్లిన పిదప చూతమని, పిల్లల పరీక్షలు ముగిసిన పిదప చూతమని కాలము గడుపుదుము. తుదకు వైద్యుడు పన్ను తీసివేయును. ఆ సాయంకాలమే మరల పొయ్యియొద్ద నిలుతుము. పోయినది పన్నొక్కటియే యని తలంతుము గాని, దానిని పట్టియుండిన యెముక కథ యప్పుడే యారంభమగును.

పన్ను పోయిన గుంటలో మొదట నెత్తురు గడ్డకట్టును. అదియే ప్రకృతి వేసిన కట్టు. వారము దినములలో నచట లేతకండ పెరుగును. కొన్ని వారములకు చిగురు పైని మూసికొనును. లోపల లేత యెముక పుట్టి, మూడు నాలుగు నెలలకు గుంట చాలవరకు నిండును. అయినను, పంటి నాశ్రయించియుండిన పలుచని యెముక పని లేక కరగిపోవును. దవడపండ్లు తీసినచోట గట్టు వెడల్పు ఏడాదిలో నించుమించు సగము తగ్గునని 2003లో ప్రకటింపబడిన యొక పరిశోధన తెలిపినది. కట్టుడుపండ్లు వదులగుటకును, క్రొత్త పన్ను నాటుటకు చోటు చాలకపోవుటకును ముఖ్యకారణ మిదియే.

ఈ యెముకను త్వరగా మాన్పుటకు లేసరు వెలుగును నేడు కొందరు దంతవైద్యులు వాడుచున్నారు. మొట్టమొదటి లేసరును 1960లో అమెరికాలో థియొడోర్ మైమన్ వెలిగించెను. 1967లో బుడాపెస్టు నగరమున ఎండ్రె మెస్టర్ అను వైద్యుడు, వెండ్రుకలు గొరిగిన చిట్టెలుకలపై బలహీనమైన లేసరు కాంతిని ప్రసరింపజేయగా, ఆ వెండ్రుకలు త్వరగా మొలిచెను. ఈ చికిత్సకు మూల మదియే. ఎర్రని వెలుగును, కంటికి గానరాని పరారుణ కిరణములును చిగురును కొంతలోతు చొచ్చును. జీవకణములలో శక్తిని పుట్టించు మైటోకాండ్రియా లా వెలుగును గ్రహించి మరింత చురుకుగా పనిచేయునని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. ఈ వెలుగు కోయదు, కాల్చదు. కాని కన్నులకు హాని చేయగలదు గావున వైద్యునకును రోగికిని ప్రత్యేకపు కండ్లద్దము లుండవలెను.

ఫలిత మెట్టిదందురా? జంతువులలో నెముక త్వరగా పుట్టినట్లు పెక్కు పరిశోధనలు చూపినవి. మనుష్యులలో నొప్పియు వాపును కొంత తగ్గినట్లు కొందరు కనుగొనిరి. ఎముక విషయమున మాత్రము ఫలితములు ఏకరీతిగా లేవు. కాంతి మోతాదు ఒక్కొక్కరొక్కొక్క విధముగా వాడుటయు నిందుకు గారణము. కావున వైద్యుడు తోడుగా నిచ్చినచో స్వీకరింపవచ్చును. నగ తాకట్టుపెట్టి దానికై పరుగిడ నక్కరలేదు.

మన చేతిలోని రక్షణ వేరొకటి గలదు. ఆ నెత్తురుగడ్డను కాపాడుటయే యది. వైద్యుడుంచిన గుడ్డను చెప్పినంతసేపు కరచి పట్టవలెను. మొదటిదినము పుక్కిలింపరాదు, గట్టిగా నుమియరాదు, గొట్టముతో పీల్చి త్రాగరాదు. మరునాటినుండి గోరువెచ్చని యుప్పునీటితో మెల్లగా పుక్కిలింపవచ్చును. గుంటలో పసుపు, పొగాకు కూరరాదు. మన సముద్రతీర గ్రామములలో అడ్డపొగ త్రాగు స్త్రీలు గలరు. వారు చుట్టను విడుచుట మిక్కిలి యవసరము. మూడు నాలుగు దినములకు నొప్పి తగ్గుటకు బదులు హెచ్చినచో వైద్యుని మరల చూడవలెను. మధుమేహమున్నవారును, ఎముకల బలమునకై మందులు పుచ్చుకొనువారును ఆ సంగతి ముందుగానే చెప్పవలెను.

పన్ను తీయించుకొనిన యిల్లాలికి రెండుదినములు చల్లని మెత్తని యన్న మొకరు కలిపి యిచ్చి, పొయ్యి పని తప్పించుట లేసరున్న యూరను, లేని యూరను గూడ సాధ్యమే. ఇంటివారు దానిని మరువకుందురుగాక. మనమును అడుగుటకు సిగ్గుపడకుందుముగాక.