లెక్కలు పక్కన పెట్టి స్టెప్పులు నేర్పిన మాస్టారు

రెండేళ్ల క్రితం గచ్చిబౌలిలో వీకెండ్ బెల్లీ డాన్స్ క్లాసులో చేరాను. ఇంట్లో మాత్రం జుంబా అని చెప్పా. అసలు పేరు చెబితే అమ్మకి పాత సినిమాల్లో క్లబ్ పాటే గుర్తొస్తుంది మరి! ఓ రోజు మా టీచర్ చేతికి కర్ర ఇచ్చి, "ఇది మహమూద్ రెడా గారి బాణీ" అన్నారు. ఆ రాత్రి ఆయన గురించి చదువుతూ కూర్చుంటే, పొద్దున స్టాండప్ మీటింగ్ కాస్తా మిస్సయింది.

రెడా 1930లో కైరోలో పుట్టారు. మొదట జిమ్నాస్ట్. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఈజిప్టు తరఫున పాల్గొన్నారు. చదివింది కామర్స్. ఒక అర్జెంటీనా నృత్య బృందంతో దేశాలు తిరుగుతూ ప్యారిస్‌లో ఉండగా, సొంత ట్రూప్ పెట్టాలనిపించింది. చేతిలో డబ్బుల్లేవు. తిరిగొచ్చి ఆయిల్ కంపెనీలో అకౌంటెంటుగా చేరారు. ఇక్కడే ఆయన నాకు బాగా దగ్గరయ్యారు. పగలు జీతం కోసం ఒకటి, మనసులో ఇంకొకటి... మన బ్యాచే!

1959లో అన్న అలీ, డాన్సర్ ఫరీదా ఫహ్మీలతో కలిసి రెడా ట్రూప్ మొదలైంది. అప్పట్లో డాన్సంటే క్యాబరే అనే చూపు. చదువుకున్న ఇళ్లవాళ్లు ఆడపిల్లల్ని స్టేజీ ఎక్కనిచ్చేవారు కాదు. ఫరీదా వాళ్ల నాన్న హసన్ ఫహ్మీ మాత్రం కూతురికి అండగా నిలబడ్డారు. ఆయన యూనివర్సిటీలో ఇంజినీరింగ్ ప్రొఫెసర్! నేను ఈ లైను రెండుసార్లు చదివాను. ఫరీదా అక్కని మహమూద్, ఫరీదాని అలీ పెళ్లి చేసుకున్నారు కాబట్టి అది ఒకరకంగా ఇంటి ట్రూపే. 1961లో ప్రభుత్వం దాన్ని తన కిందకి తీసుకుంది.

రెడా ఊళ్లు తిరిగి ఆటలు, నడకలు చూసి వచ్చేవారు. దక్షిణ ఈజిప్టులో మగవాళ్లు ఆడే తహ్‌తీబ్ మన కర్రసాము లాంటిది. దాన్ని స్టేజీకి తగ్గట్టు మలిచారు. అలెగ్జాండ్రియా ఆడవాళ్లు కప్పుకునే నల్ల మిలాయా వస్త్రంతో ఏకంగా ఓ డాన్సే అల్లేశారు. "ఇది అసలైన జానపదమేనా?" అనే వాదన ఉంది. రామప్ప గుడి శిల్పాలు చూసి పేరిణికి మళ్లీ ప్రాణం పోసిన మన నటరాజ రామకృష్ణ గారు గుర్తొచ్చారు నాకు. ఉన్నది ఉన్నట్టు దించడం వేరు, బతికించడం వేరు.

ఒక్కటే నాకు గుచ్చుకుంది. ఒళ్లు కప్పిన దుస్తులు, ప్రొఫెసర్ గారి అమ్మాయి, సర్కారు ముద్ర ఉన్నాయి కాబట్టి ట్రూపుకి గౌరవం దక్కింది. ఒంటరిగా రక్స్ షర్కీ, అంటే ఓరియంటల్ డాన్స్, చేసే ఆడవాళ్లకి ఆ గౌరవం పూర్తిగా అందలేదు. నడుము కదలిక మాత్రం ఇద్దరిదీ ఒకటే! అదే ట్రూపులో ఆడిన రఖియా హసన్ తర్వాత ఓరియంటల్ డాన్స్ టీచరయ్యారు. 2000లో కైరోలో ఆవిడ మొదలుపెట్టిన అహ్లాన్ వ సహ్లాన్ ఉత్సవానికి దేశదేశాల నుంచి నేర్చుకునేవాళ్లు వచ్చారు. రెడా కూడా విదేశాల్లో ఏళ్ల తరబడి వర్క్‌షాపులు నడిపి, 2020 జులైలో, తొంభయ్యో ఏట కన్నుమూశారు.

మొన్న ధైర్యం చేసి, ట్రూప్ నటించిన 1967 నాటి ‘గరామ్ ఫిల్ కర్నక్’ సినిమాలో ఓ పాట అమ్మకి చూపించా. కళ్లార్పకుండా చూసింది.

"బాగుందే! నిండుగా ఉన్నారు. మీ క్లాసులోనూ ఇలాంటి బట్టలేనా?"

"అన్ని పాటలకీ కాదమ్మా" అన్నాను.

అమ్మ ఫోన్ తిరిగిచ్చేసి వంటింట్లోకి వెళ్లింది. శనివారం పొద్దున మాత్రం, "జుంబాకి లేటవట్లేదూ?" అని తనే లేపింది.