ఎం.బి.ఎ. సరే... స్పెషలైజేషన్ మాటేమిటి?

ఐసెట్ రాశారు. సీటొచ్చింది. మొదటి ఏడాది దాదాపు అందరివీ ఒకే సబ్జెక్టులు కాబట్టి ఎలాగోలా గడిచిపోతుంది. అసలు చిక్కు రెండో ఏడాదే. ఫైనాన్సా, మార్కెటింగా, హెచ్.ఆరా? ఇంట్లో అడిగితే చాలామంది అమ్మాయిలకు వచ్చే జవాబు ఒకటే. 'మార్కెటింగంటే ఊళ్లు పట్టుకు తిరగాలి. హెచ్.ఆర్. తీసుకో తల్లీ, నీడపట్టున చేసుకోవచ్చు.'

ఈ సలహా వెనుక ఉన్నది ప్రేమే, కాదనలేం. కానీ హెచ్.ఆర్. అంత తేలికేం కాదు. నియామకాలు, జీతాలు, కార్మిక చట్టాలు, పేచీలు, రాజీలు అన్నీ చూసుకోవాలి. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలి. దాని ఏర్పాట్లు చూసేదీ చాలాచోట్ల హెచ్.ఆర్. వాళ్లే. పై అధికారి ముందైనా ఉన్నమాట చెప్పగల ధైర్యం ఉండాలి మరి!

'అమ్మో, ఫైనాన్సా? నాకు లెక్కలు రావు' అంటారు కొందరు. ఇక్కడ కావలసింది పెద్ద గణితం కాదు, అంకె ఎందుకు మారిందో ఆరా తీసే ఓపిక. అయితే ఈ ఉద్యోగాలు కొన్నింటికి సి.ఎ. చదివినవాళ్లూ పోటీకొస్తారు. అది తెలిసే దిగండి.

మార్కెటింగ్‌లో మొదట్లో తిరుగుడు నిజమే. కానీ సర్వేలు, ప్రకటనలు, బ్రాండ్ల నిర్వహణ కూడా అందులోవే. ఇంద్రా నూయీ మన దేశంలో ప్రాడక్ట్ మేనేజర్‌గా పనిచేశారు. 2001లో పెప్సికో ఆర్థిక వ్యవహారాల అధిపతి, 2006లో సి.ఇ.ఓ. అయ్యారు. ఒక దారిన మొదలైనవాళ్లు ఇంకో దారికి మళ్లలేరని ఏమీ లేదు.

మరి ఎలా తేల్చుకోవాలి? మొదటి ఏడాదిలో ఏ సబ్జెక్టును పరీక్ష కోసం కాక ఇష్టంగా చదివారో చూసుకోండి. వేసవి ప్రాజెక్టును సర్టిఫికెట్ కోసం కాకుండా, అనుకున్న విభాగంలోనే చేయండి. రెండు మూడేళ్లుగా ఉద్యోగంలో ఉన్న సీనియర్లను 'రోజంతా ఏం చేస్తారక్కా?' అని అడగండి. కాలేజీలో అందరికంటే ఎక్కువ జీతం ఎవరికొచ్చిందని కాదు, ఏ విభాగంలో ఎంతమందికి, ఏ పనిలో ఉద్యోగాలొచ్చాయని అడగండి. తక్కువమంది చేరితే కోర్సు నడుపుతారో లేదో, రెండు స్పెషలైజేషన్లు తీసుకునే వీలుందో లేదో ముందే కనుక్కోండి.

'రేపు పెళ్లయ్యాక ఏ ఊరెళ్తావో' అన్నమాట ఎలాగూ వస్తుంది. ఏ ఊరెళ్లినా వెంట వచ్చేది బాగా వచ్చిన పనే. ఇష్టంలేని చదువుకు ఫీజు నాన్న కట్టినా, దాని భారం మోయాల్సింది మీరే. అందుకే ఆ ఫారంలో టిక్కు మీ చేత్తోనే పెట్టండి.