గాలితో పోవు విద్యుత్తు

సైకిలు చక్రమునకు గాలి కొట్టునపుడు పంపును తాకినచో వెచ్చగా నుండుట మనకందరకును అనుభవమే. మన చేతిశ్రమ అచ్చట వేడిగా మారుచున్నది. కర్మాగారములలోని ఎయిర్ కంప్రెసర్లయందు జరుగుచున్నదియు ఇదియే. అవి వాడు విద్యుత్తులో నూటికి 80 పాళ్లకు పైగా వేడియై పోవును. తుదకు పనిముట్టును నడుపుటకు మిగులునది స్వల్పము. కావున గాలి వెలలేనిదే యైనను, ఒత్తిడితో బంధించిన గాలి మిక్కిలి ఖరీదైనది.

ఇంత ఖరీదైన గాలి వృథా యగుచున్నదో లేదో తెలిసికొనుట యెట్లు? ఇందులకు సులభమైన పరీక్ష యొకటి కలదు. సెలవునాడు గాలితో నడుచు యంత్రములన్నింటిని ఆపి, కంప్రెసరును మాత్రము నడిపి చూడవలెను. వాడువారు లేరు గనుక ట్యాంకు నిండిన పిమ్మట అది ఊరకుండవలెను. అట్లుగాక, 2 నిమిషములు గాలి నింపి, 6 నిమిషములు ఊరకుండి, మరల నింపుచున్నదనుకొందము. మొత్తము 8 నిమిషములలో 2 నిమిషముల శ్రమ లీకులకే సరిపోవుచున్నది. అనగా కంప్రెసరు ఇయ్యగల గాలిలో నాలుగవ వంతు ఎవరికిని ఉపయోగపడకుండ పోవుచున్నదన్నమాట. శ్రద్ధ తీసికొనని కర్మాగారములలో ఇది అరుదైన సంగతి కాదు.

చిన్న రంధ్రమే కదాయని ఉపేక్షింపరాదు. 7 బార్ల పీడనమున 3 మిల్లీమీటర్ల రంధ్రము ద్వారా పోవు గాలిని నింపుటకు 3 కిలోవాట్లకు తక్కువ కాని విద్యుత్తు కావలెను. రేయింబవళ్లు నడుచు కర్మాగారమున ఇది దినమునకు 72 యూనిట్లు. యూనిటు 7 రూపాయల చొప్పున లెక్కించినను నెలకు 15 వేల రూపాయలు దాటును. చిన్న పరిశ్రమలో ఈ సొమ్ము ఒక పనివాని జీతము కావచ్చును.

పనిముట్టు బలము తగ్గగానే పీడనమును పెంచుట పలువురు చేయు పొరపాటు. ఒక బారు పెంచినచో విద్యుత్తు ఖర్చు నూటికి 6, 7 పాళ్లు పెరుగును. పైగా లీకులును హెచ్చును. రోగము దాగినదేకాని కుదిరినది కాదు.

కావున ముందుగా గొట్టముల అతుకులకు, రబ్బరు గొట్టములకు, కవాటములకు సబ్బునీరు పూసి, బుడగలు వచ్చుచోట్ల గుర్తించి బిగింపవలెను. పిమ్మట దుమ్ముపట్టిన ఫిల్టరును శుభ్రపరుపవలెను. కంప్రెసరు పీల్చు గాలి 4 డిగ్రీలు వేడెక్కినచో ఖర్చు సుమారు ఒక పాలు పెరుగును గనుక, ఆ గాలిని వేడిగదినుండి గాక వెలుపలి నీడనుండి తీసికొనవలెను. ఇవన్నియు అయిన పిదప పీడనమును కొంచెము కొంచెముగా తగ్గించి, పని సాగునంతవరకే నిలుపవలెను.

యంత్రములు మౌనము వహించిన వేళ కర్మాగారమున వినబడు ‘బుస్సు’మను చప్పుడును మనము అలవాటుచే వినుట మానివేసితిమి. దానిని మరల చెవియొగ్గి వినుటయే ఈ పొదుపునకు తొలిమెట్టు.