హైస్కూలుకు వెళ్లే మన పిల్లలు: పాల సంఘాలు చేయదగిన పని

పాలు సేకరించడం, పరీక్షించడం, బిల్లు సకాలంలో చెల్లించడం పాల సంఘం పనులు. పిల్లల చదువు సంగతి బడివారు చూసుకుంటారు గదా, ఆ ప్రస్తావన ఈ పత్రికలో దేనికని సభ్యులు అడగవచ్చు. కారణం ఉన్నది. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు పల్లెల్లో పాడి ఉన్న కుటుంబాలను రోజుకు రెండు పూటలా కలుసుకునే సంస్థ పాల సంఘం తప్ప మరొకటి లేదు. ఉపాధ్యాయులు చాలామంది పట్నం నుంచి వచ్చి సాయంత్రం బస్సుకు తిరిగిపోతారు. తల్లిదండ్రులతో నాలుగు మాటలు మాట్లాడాలన్నా వారికి వీలు చిక్కదు. బర్రెలను, పొలాన్ని వదిలి బడికి పోవడానికి తల్లిదండ్రులకూ తీరదు. పైగా మేము తనిఖీకి వెళ్లిన చోట్ల పాలకేంద్రం ముందు క్యాన్లు, చెంబులు పట్టుకుని నిలబడే వారిలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు కనిపిస్తూనే ఉంటారు. ఈ వ్యాసం వారిని గురించే.

చదువులో వెనుకబడడం అనగానే అందరి దృష్టీ పదో తరగతి పరీక్ష మీదికి పోతుంది. కాని పదిలో తప్పిన పిల్లవాడు నిజానికి ఆరేడు తరగతుల్లోనే దారి తప్పి ఉంటాడు. ఆ సంగతి ఇంట్లో తెలిసేసరికి మూడు నాలుగేళ్లు గడిచిపోతాయి. ఐదో తరగతి దాకా ఒకరిద్దరు ఉపాధ్యాయులే అన్ని పాఠాలూ చెబుతారు. ఆరో తరగతికి వచ్చేసరికి సబ్జెక్టుకొకరు. హిందీ కొత్తగా మొదలవుతుంది. లెక్కల్లోకి ఋణసంఖ్యలు, భిన్నాలు, దశాంశాలు, నిష్పత్తి, శాతం, వాటి వెనుకనే బీజగణితం వచ్చిపడతాయి. హైస్కూలు పై తరగతుల్లో సైన్సు రెండుగా చీలి, భౌతిక రసాయన శాస్త్రాలకు ఒకరు, జీవశాస్త్రానికి ఒకరు వస్తారు. అక్కడి ఉపాధ్యాయుడు తన పాఠం తాను చెప్పుకుపోవలసినవాడే గాని, భాగహారం రాని పిల్లవాడిని కూర్చోబెట్టి మళ్లీ మొదటి నుంచి నేర్పే తీరిక ఆయనకు ఉండదు.

ఇది మన ప్రాంతానికే పరిమితమైన లోపం కాదు. ప్రథమ్ సంస్థ గ్రామీణ ప్రాంతాల్లో జరిపే అసర్ సర్వే ప్రకారం, 2024లో దేశం మొత్తం మీద ఎనిమిదో తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు 45.8 శాతం మాత్రమే. తక్కినవారు భాగహారం రాకుండానే తొమ్మిదో తరగతి గడప తొక్కుతున్నారన్నమాట. ఢిల్లీ ప్రభుత్వ బడుల పిల్లలపై జరిగి 2019లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, ఆరో తరగతి పిల్లవాడు సగటున లెక్కల్లో రెండున్నర తరగతులు వెనుక ఉన్నట్లు తేలింది. తొమ్మిదికి చేరేసరికి ఆ దూరం ఇంకా పెరిగింది. బడికి క్రమంగా పోతున్నాడు గదా, అదే సర్దుకుంటుందిలే అనుకోవడానికి వీలు లేదని దీనివల్ల తెలుస్తున్నది.

ఒకప్పుడు మన రాష్ట్రంలో ఏడో తరగతికి కామన్ పరీక్ష ఉండేది. అందులో తప్పిన పిల్లలు చాలామంది మళ్లీ బడి ముఖం చూడకుండా గొర్రెల వెంట, కూలి వెంట పోయారు. కనుక అది మళ్లీ రావాలని మేము కోరము. 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చి, ఎనిమిదో తరగతి దాకా ఎవరినీ అదే తరగతిలో నిలిపివేయరాదన్నది. 2019లో చేసిన సవరణతో ఐదు, ఎనిమిది తరగతుల విషయంలో రాష్ట్రాలకు వేరు నిర్ణయం తీసుకునే వీలు కలిగింది. చట్టం మంచిదే. కాని పిల్లవాడు ఏటా పై తరగతికి పోతూ ఉంటే, వాడికి ఏమి వచ్చునో ఏమి రాదో ఇంట్లో చూసుకోవలసిన బాధ్యత పెరిగింది. చదువుకోని తల్లి ఆ సంగతి ఎలా తెలుసుకోవాలి? ఇక్కడే మన పాల చీటీ పనికి వస్తుంది.

ఆళ్లగడ్డకు దగ్గరలోని ఒక సంఘంలో ఏడో తరగతి బాలికకు రెండు చీటీలు చూపించాము. ఒకదానిలో ఎస్.ఎన్.ఎఫ్. 8.75, రెండోదానిలో 8.9. ఏ పూట పాలు మేలమ్మా అని అడిగాము. 8.75 అన్నది. "డెబ్బై ఐదు తొమ్మిది కన్నా పెద్దది గదా సార్" అని కారణం కూడా చెప్పింది. తెలివి తక్కువై చెప్పిన జవాబు కాదది. పూర్ణసంఖ్యల్లో నేర్చుకున్న న్యాయాన్నే చుక్క తరువాత కూడా వాడుకున్నది. ఈ పొరపాటు అన్ని దేశాల పిల్లల్లోనూ ఉన్నదే. దిద్దడం సులభం. 8.9ని 8.90గా రాయించి, ఎనిమిది రూపాయల డెబ్బై ఐదు పైసలు ఎక్కువా, ఎనిమిది రూపాయల తొంభై పైసలు ఎక్కువా అని అడిగితే చాలు. 25 పైసల నాణెం 2011 జూన్ 30తో చెలామణి నుంచి పోయింది. చిల్లర చేతిలో ఆడకపోవడం వల్ల ఇప్పటి పిల్లలకు దశాంశం పట్టుబడడం మరికొంత కష్టమైందని మా అభిప్రాయం. పాల బిల్లులో మాత్రం పైసలు ఇంకా ఉన్నాయి.

ఇక చీటీలోని లెక్క పూర్తిగా చూద్దాము. సభ్యురాలు మూడున్నర లీటర్ల బర్రెపాలు పోసింది, వెన్న 6.4 శాతం. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి గనుక పాల బరువు 3.605 కిలోలు. దానిలో నూటికి 6.4 వంతున వెన్న 0.231 కిలోలు, అనగా 231 గ్రాములు. కిలో వెన్నకు 700 రూపాయలని లెక్క కోసం అనుకుంటే 161 రూపాయల 70 పైసలు వస్తుంది. దశాంశాల గుణకారం, శాతం, కిలోలను గ్రాములుగా మార్చడం మూడూ ఇందులోనే ఉన్నాయి. భిన్నాలు కావాలంటే ఎస్.ఎన్.ఎఫ్. లెక్క చూపండి. సవరించిన లాక్టోమీటరు రీడింగులో నాలుగో వంతు, వెన్న శాతంలో ఐదో వంతు, వాటికి 0.36 కలపాలన్నది వాడుకలో ఉన్న సూత్రాల్లో ఒకటి. రీడింగు 29, వెన్న 6.4 అయితే 7.25, 1.28, 0.36 కలిసి 8.89. యూనియన్‌ను బట్టి చివరి అంకెలు కొద్దిగా మారవచ్చు. గోడకు అతికించిన రేటు పట్టికలో ఎడమ వైపు వెన్న, పైన ఎస్.ఎన్.ఎఫ్. చూసి, రెండు వరుసలు కలిసే గడిలో ధర చదవడం తెలిసిన పిల్లకు తొమ్మిదో తరగతి నిరూపక జ్యామితి కొత్తగా తోచదు.

సగటు లెక్క మరీ ముఖ్యం. సంఘాలకు వచ్చే ఫిర్యాదుల్లో కొన్ని దీని వల్లనే పుడతాయి. ఉదయం 4 లీటర్లు 6.0 శాతం, సాయంత్రం 2 లీటర్లు 7.5 శాతం పోసిన సభ్యుడు, రెండూ కలిపి రెండుతో భాగించి, నాకు 6.75 రావాలి, బిల్లులో 6.5 వేశారేమి అని తగవుకు వస్తాడు. ఉదయపు పాలు రెట్టింపు ఉన్నాయి గనుక నాలుగార్లు ఇరవై నాలుగు, రెండు ఏడున్నరలు పదిహేను, మొత్తం 39ని ఆరుతో భాగించాలి. 6.5 సరైనదే. సాయంత్రం వెన్న ఎందుకు ఎక్కువ వస్తుందని పిల్లవాడు అడిగితే ఇంకా సంతోషం. రెండు పితుకుళ్ల మధ్య పగటి ఎడం రాత్రి ఎడం కన్నా తక్కువ కావడమే ముఖ్య కారణమని చెప్పవచ్చు.

బ్యాంకు పరీక్షల శిక్షణ కోసం రాష్ట్రం నలుమూలల నుంచి యువకులు నంద్యాలకు వస్తారని అందరికీ తెలుసు. అక్కడ వేల రూపాయలు కట్టి వారు నేర్చుకునే శాతాలు, నిష్పత్తులు, సగటులు చాలావరకు ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల లెక్కలే. ఉద్యోగాల కోసం వేగం నేర్చుకోవడం వేరు సంగతి. మూలం నేర్చుకోవలసిన వయస్సు మాత్రం అది కాదు.

చదువుకు కావలసిన రెండో వస్తువు కాలం. పత్తి విత్తనాల సంగతి చెప్పక తప్పదు. నంద్యాల, ఆళ్లగడ్డ 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలోకి రాకముందు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ ఉమ్మడి జిల్లా హైబ్రిడ్ పత్తి విత్తనాల సాగుకు పేరుపడింది. సాయంత్రం పువ్వులోని కేసరాలను చేతితో తీసివేసి, మరునాడు ఉదయం మగపూల పుప్పొడి అద్దే క్రాసింగ్ పనిలో పెద్ద సంఖ్యలో పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు ఉన్నారని 2000 సంవత్సరానికి అటూ ఇటూ జరిగిన అధ్యయనాలు వెల్లడించాయి. ఆనాటితో పోలిస్తే ఆ సంఖ్య తగ్గింది. 2016 చట్ట సవరణ ప్రకారం పద్నాలుగేళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోరాదు. బడి వేళలు ముగిశాక ఇంటి పనిలో సాయపడడానికి మాత్రం అనుమతి ఉన్నది. సొంత చేనే గదా అని క్రాసింగ్ రోజుల్లో ఆడపిల్లను బడి మానిపించడం ఆ అనుమతి కిందికి రాదు. క్రాసింగ్ సాగే ఆగస్టు నుంచి డిసెంబరు దాకా బడిలో జరిగే పాఠాలు మళ్లీ ఎవరూ చెప్పరు. భిన్నాల పాఠం నాడు లేని పిల్ల, శాతం పాఠం నాడు బడిలో ఉండి కూడా లేనట్లే.

సాయంత్రపు పాలకు కూడా ఇదే మాట వర్తిస్తుంది. ఒక చెంబెడు పాలు పోయడానికి పిల్ల గంటసేపు నిలబడవలసి వస్తే ఆ తప్పు సంఘానిది. బడి పిల్లలు తెచ్చిన పాలు ముందుగా తీసుకోవడానికి పాలకవర్గం తీర్మానం చేసుకుంటే పైసా ఖర్చు లేదు.

ఎనిమిదో తరగతి పిల్లలున్న సభ్యులు తప్పక గమనించవలసినది ఎన్.ఎం.ఎం.ఎస్. ఉపకార వేతనం. కేంద్ర ప్రభుత్వం దీనిని 2008లో ప్రారంభించింది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిది చదువుతూ, ఏడో తరగతిలో 55 శాతం మార్కులు, ఎస్సీ ఎస్టీలైతే 50 శాతం, తెచ్చుకున్నవారు పరీక్షకు అర్హులు. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు మించరాదు. వసతితో నడిచే గురుకులాల పిల్లలకు ఇది వర్తించదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటరు రెండో సంవత్సరం దాకా ఏటా 12,000 రూపాయలు, నాలుగేళ్లకు 48,000. ప్రశ్నలు రెండు భాగాలు, ఒక్కొక్కటి 90 మార్కులకు. మొదటిది మేధాశక్తికి సంబంధించినది. రెండోదానిలో లెక్కలు, సైన్సు, సాంఘికశాస్త్రం ఉంటాయి. ఏడో తరగతి మార్కులే అర్హత గనుక, ఎనిమిదిలో మేలుకుంటే ఆలస్యమైనట్లే.

పరీక్షలో నెగ్గి కూడా డబ్బు అందని పిల్లలు ఉన్నారు. బడి రికార్డులో ఒక పేరు, ఆధార్‌లో మరొక పేరు ఉండడం, బ్యాంకు ఖాతా పనిచేయకపోవడం, జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఏటా చేయవలసిన రెన్యువల్ మరచిపోవడం అందుకు కారణాలు. సభ్యుల ఖాతా నంబర్లు సరిచూడడం మన కార్యదర్శులకు నిత్యం ఉన్న పనే. సభ్యుల పిల్లల కాగితాలు కూడా ఒకసారి చూసిపెడితే ఎంతో మేలు.

సహకారోద్యమానికి విద్య కొత్త కాదు. 1844లో మొదలైన రోచ్‌డేల్ సంఘం తన మిగులులో నూటికి రెండున్నర వంతు విద్యకు కేటాయించింది. మన సంఘాలు కూడా తమ బైలాలు ఒప్పుకున్న మేరకు, సర్వసభ్య సమావేశపు ఆమోదంతో కొంత సొమ్ము ప్రత్యేకించవచ్చు. బహుమతులు, శాలువాలు, ఫొటోల మీద అది ఖర్చు కావడం మాకు ఇష్టం లేదు. ఒక నల్లబల్ల, చాక్‌పీసులు, పాత చీటీల కట్ట, వారానికి రెండు సాయంత్రాలు అరగంట కూర్చోగల ఇంటరు చదివిన యువతికి కొద్దిపాటి గౌరవవేతనం చాలును. ఆరు నుంచి ఎనిమిది దాకా పిల్లలను తరగతులవారీగా గాక, వచ్చిన లెక్కను బట్టి కూర్చోబెట్టాలి. భాగహారం రాని ఎనిమిదో తరగతి పిల్లవాడు ఆరో తరగతి పిల్లల పక్కన కూర్చోవడానికి సిగ్గుపడతాడు, అందుచేత వాడికి చీటీలు కూడే పని అప్పగించి మెల్లగా లోపలికి తేవాలి. పాఠ్యపుస్తకంలో ఒక పేరా బయటికి చదివించి, అందులో ఏమున్నదో సొంత మాటల్లో చెప్పించడం కూడా ఆ అరగంటలోనే జరగాలి. చదివి అర్థం చేసుకోలేని పిల్లకు లెక్క వచ్చినా ప్రశ్న అంతుపట్టదు.

ఒక జాగ్రత్త. గెర్బరు పద్ధతిలో వెన్న పరీక్షించే సంఘాలలో గంధకామ్లం వాడతారు. చూపించి నేర్పుదామనే ఉత్సాహంతో పిల్లలను ఆ బల్ల దగ్గరకు రానీయరాదు. చీటీ, రేటు పట్టిక, లాక్టోమీటరు వరకు వారికి చాలు. జూన్‌లో బడులు తెరవకముందు జరిగే పాలకవర్గ సమావేశపు అజెండాలో ఈ అంశాన్ని చేర్చి, సభ్యుల ఇళ్లలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు ఎందరున్నారో పాసుపుస్తకాల వరుసలో ఒక పట్టిక రాసి ఉంచితే, మేము తనిఖీకి వచ్చినప్పుడు దానిని కూడా చూస్తాము.