కలిసి రావద్దన్న కాగితం

వర్జీనియాలో ఒక పల్లె, ఒక పెళ్లి, ఇద్దరూ ఒకేసారి ఊళ్లో అడుగు పెట్టకూడదన్న ఒక తీర్పు

జూన్ 12 వచ్చిందంటే అమెరికాలో రిచర్డ్ లవింగ్, మిల్డ్రెడ్ జీటర్‌ల కథ మళ్లీ తలుచుకుంటారు. అతను తెల్లజాతి తాపీమేస్త్రీ. ఆమెవి నల్లజాతి, రాపహానాక్ ఆదివాసీ మూలాలు. కరోలైన్ కౌంటీలోని సెంట్రల్ పాయింట్ ఇద్దరికీ సొంతూరు. ఇంటినీ ఊరినీ ఎదిరించి ప్రేమ గెలిచిందని ఈ కథకు ముక్తాయింపు ఇవ్వడం అలవాటైపోయింది. కాగితాలు చూస్తే నాకది నమ్మబుద్ధి కావడం లేదు. ఈ జంట ఊరి నుంచి విడుదల కోరలేదు. తమను ఊరికి దూరం చేయొద్దని కోరింది.

ఆ కాగితాల్లో నన్ను ఎక్కువగా పట్టి నిలిపింది 1959 జనవరి 6 నాటి శిక్ష. జాతులు దాటి పెళ్లి చేసుకున్న నేరాన్ని ఇద్దరూ ఒప్పుకున్నారు. జడ్జి లియాన్ బజైల్ ఏడాది జైలు వేసి, ఒక షరతు మీద దాన్ని 25 ఏళ్లపాటు నిలిపివేశాడు. వాళ్లు వెంటనే రాష్ట్రం విడిచి వెళ్లాలి, ఆ 25 ఏళ్లలో ఇద్దరూ కలిసి గానీ, ఒకే సమయంలో గానీ తిరిగి రాకూడదు. ఈ షరతును నెమ్మదిగా చదవాలి. రిచర్డ్ ఒక్కడే రావచ్చు, మిల్డ్రెడ్ ఒక్కతే రావచ్చు, ఎవరూ కాదనరు. అతను తన తల్లి ఇంట్లో, ఆమె తన పుట్టింట్లో విడివిడిగా ఉన్నా సరే, ఒకే రోజు వర్జీనియాలో ఉంటే శిక్ష మళ్లీ మెడకు చుట్టుకుంటుంది. అత్తవారింట చావు జరిగినా భర్త వెంట భార్య రాకూడదు. విడివిడిగా వాళ్లలో ఏ తప్పూ లేదు, కుటుంబంగా ఉండటమే తప్పన్నమాట. శిక్ష ఆ ఇద్దరితోనూ ఆగలేదు. రిచర్డ్ తల్లి ఆ చుట్టుపక్కల కాన్పులు చేసే మంత్రసాని. కొడుకూ కోడలూ పిల్లలతో కలిసి ఆమె గుమ్మం తొక్కే దారిని కూడా ఆ తీర్పు మూసేసింది.

రాష్ట్రం విడిచి చేరిన వాషింగ్టన్‌లో ముగ్గురు పిల్లలతో ఏళ్లు గడిచాయి. 1963లో మిల్డ్రెడ్ ముందు అటార్నీ జనరల్ రాబర్ట్ కెనెడీకి, అక్కడి సలహా మేరకు జూన్ 20న అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్‌కు ఉత్తరం రాసింది. అందులో పెద్ద సిద్ధాంతాలేమీ లేవు. వర్జీనియాలో కాపురం పెట్టలేమని తెలుసు, అప్పుడప్పుడూ వెళ్లి అయినవాళ్లనూ స్నేహితులనూ చూసి రావాలని ఉందని అడిగింది, అంతే. అమెరికా రాజ్యాంగ చరిత్రను తిప్పిన ఒక దావా వెనుక ఉన్న కోరిక పుట్టింటికి వెళ్లిరావడం. ఊరంతా తరిమేసి ఉంటే ఆమె ఆ ఊరినే ఎందుకు అడుగుతుంది?

వెనుక చరిత్ర క్లుప్తంగా. నల్లవారినో ఆదివాసులనో పెళ్లాడిన తెల్లవారిని వెళ్లగొట్టాలని వర్జీనియా వలస పాలన 1691లోనే శాసించింది. 1924 నాటి జాతి సమగ్రత చట్టం ఆ నిషేధాన్ని బిగించింది. బయట పెళ్లి చేసుకుని తిరిగొచ్చినా ఏడాది నుంచి ఐదేళ్ల జైలు. 1958 జూన్ 2న వీళ్ల పెళ్లి వాషింగ్టన్‌లో జరిగింది. జులై 11 అర్ధరాత్రి దాటాక షెరీఫ్ పడకగదిలోకి వచ్చాడు. గోడమీది వివాహపత్రం ఇక్కడ చెల్లదన్నాడు. 1965లో కేసు మళ్లీ తన ముందుకు వస్తే, జాతులను దేవుడే వేర్వేరు ఖండాల్లో పెట్టాడని బజైల్ రాశాడు. 1967 జూన్ 12న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ చట్టాన్ని కొట్టేసింది. అప్పటికి ఇలాంటి నిషేధం 16 రాష్ట్రాల్లో ఉంది.

ఊరిని మరీ వెనకేసుకొస్తున్నారని అనవచ్చు. షెరీఫ్‌కు ఎవరో చెప్పబట్టే కదా అతను వచ్చాడు. నిజమే. బడులు, చర్చిలు వేరుగానే ఉండేవి. సెంట్రల్ పాయింట్‌లో సమానత్వం వెల్లివిరిసిందని నేనూ అనను. అయినా రిచర్డ్ తండ్రి ఏళ్ల తరబడి ఒక నల్లజాతి రైతు దగ్గర పనిచేశాడు. అరెస్టు నాటి రాత్రి ఈ జంట పడుకున్నది మిల్డ్రెడ్ తల్లిదండ్రుల ఇంట్లోనే. చాడీ చెప్పేవాడు ఏ ఊళ్లోనైనా ఉంటాడు. చట్టం లేకపోతే అతని మాట అరుగు దాటదు. ఆ చాడీకి బేడీలు తొడిగే బలం ఇచ్చింది చట్టం. చట్టం మాత్రం జనం మనసులోంచే పుట్టదా అన్నది ఇంతకన్నా గట్టి ప్రశ్న. 1958 నాటి గ్యాలప్ సర్వేలో ఇలాంటి పెళ్లిళ్లను ఒప్పుకున్నవాళ్లు 4 శాతమే. కానీ ఆ సర్వేలో జవాబిచ్చినవాళ్లకు రిచర్డ్ ఎవరో, మిల్డ్రెడ్ ఎవరో తెలియదు. మొహం తెలియనివాళ్ల ద్వేషానికి కన్నవాళ్ల ఇష్టాన్ని మించిన అధికారం ఇవ్వడమే ఆ చట్టం చేసిన అసలు అన్యాయం. ఇక్కడ మనం జాగ్రత్తగా చదవాలి. మన దగ్గర 1954 నుంచే ప్రత్యేక వివాహ చట్టం ఉంది. అయినా కులాంతర, మతాంతర జంటలకు ముప్పు తరచు ఇంట్లోంచే వస్తుంది. ఆ అలవాటుతో లవింగ్‌ల కథలోనూ తల్లిదండ్రులను దోషులుగా నిలబెడితే రాజ్యం సులువుగా తప్పించుకుంటుంది.

*మరికొన్ని సంగతులు*

వాదనల రోజు రిచర్డ్ కోర్టుకు రాలేదు. భార్యను ప్రేమిస్తున్నానని, ఆమెతో వర్జీనియాలో ఉండలేకపోవడం అన్యాయమని న్యాయమూర్తులకు చెప్పమని లాయర్ బెర్నార్డ్ కోహెన్‌కు కబురిచ్చాడు.

లైఫ్ పత్రిక ఫొటోగ్రాఫర్ గ్రే విలెట్ 1965లో వాళ్లింట్లో తీసిన చిత్రాలు మరుసటి ఏడు అచ్చయ్యాయి. టీవీ చూస్తూ భార్య ఒడిలో తలపెట్టి రిచర్డ్ నవ్వుతున్న ఫొటో వాటిలో ప్రసిద్ధం.

తీర్పు తర్వాత రిచర్డ్ సొంతూళ్లో ఇల్లు కట్టాడు. 1975లో తాగి బండి నడిపిన ఒకడు ఢీకొట్టడంతో చనిపోయాడు. ఆ ప్రమాదంలో మిల్డ్రెడ్‌కు ఒక కన్ను పోయింది. ఆమె 2008లో కన్నుమూసింది.

అలబామా రాజ్యాంగంలోంచి ఈ నిషేధాన్ని తీసేయడానికి 2000లో ఓటింగ్ జరిగింది. అప్పుడు కూడా దాదాపు 40 శాతం మంది వద్దనే ఓటేశారు.